361 రోజుల తోడు



రష్యన్ నవలను తెలుగు ఇంటికి తెచ్చిన అనువాదకుల స్మృతికి ఈ ఉపన్యాసం. వాళ్లలో 'నయాగరా' కవి బెల్లంకొండ రామదాసు, కవీ పాత్రికేయుడూ అయిన రెంటాల గోపాలకృష్ణ ఉన్నారు. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి'ని ఇద్దరూ కలిసి తెలుగు చేశారు. వృక్షశాస్త్రం చదువుకున్న ఉప్పల లక్ష్మణరావు ఉన్నారు. మాస్కోలో ఏళ్ల తరబడి ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి దించారు. కడప జిల్లా నుంచి వెళ్లి అక్కడ అదే పని చేసిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి ఉన్నారు. ఆ పనిలోని చిక్కుల మీద 'అనువాద సమస్యలు' అని పుస్తకమే రాశారు. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర వ్యాన్లు ఊరూరా తిప్పి చవగ్గా అమ్మేవి. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ రాబడీ ఆగింది. పుస్తకాలు మాత్రం ఇళ్లలో మిగిలాయి. బీరువాల్లో కొన్ని, అటక మీద కొన్ని. తీసి చూస్తే చాలావాటిలో ఎక్కడో మధ్యన ఒక బస్సు టికెట్టో, పెళ్లి శుభలేఖ ముక్కో గుర్తుగా పెట్టి ఉంటుంది. చదివిన మనిషి అక్కడ ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడన్నదే ఇవాళ్టి విషయం.

పుస్తకం లావు చూసి జడిశాడని అనడం తేలిక. కానీ ఆ ఇళ్లే వారపత్రికల్లో సీరియళ్లను ఏళ్ల తరబడి వదలకుండా చదివాయి. గురువారం పత్రిక రావడం ఆలస్యమైతే కొట్టు దగ్గరికి పిల్లల్ని పరిగెత్తించాయి. కాబట్టి పొడుగు మీద తెలుగు పాఠకుడికి పగేమీ లేదు. చిక్కు మరోచోట ఉంది. పెద్ద రష్యన్ నవల వాయిదాల మీద పుట్టింది, నలుగురి మధ్య చదవడానికి పుట్టింది. దాన్ని ఒంటరిగా ఒక్క గుక్కలో తాగబోతే పొలమారింది.

పుట్టుక సంగతి ముందు చూడాలి. 1865 జనవరిలో మాస్కో నుంచి వెలువడే 'రూస్కీ వెస్త్‌నిక్' అనే మాసపత్రికలో '1805' అన్న పేరుతో ఒక రచన మొదలైంది. సంపాదకుడు మిఖాయిల్ కత్కోవ్. 'యుద్ధము-శాంతి' అన్న పేరు అప్పటికింకా లేదు. రెండో భాగం 1866లో వచ్చింది. అదే ఏడాది అదే పత్రికలో దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' కూడా ధారావాహికగా నడిచింది. అంటే ఆ ఏడు చందా కట్టిన ఇంటికి ఒకే టపాలో రస్కోల్నికోవ్ గొడ్డలీ, రొస్తోవ్ యుద్ధమూ వచ్చాయి. పట్నాలకు దూరంగా ఉండే జమీందారీ ఇళ్లలో పత్రిక రాగానే దీపం దగ్గర ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు కుట్టుపని చేసుకుంటూ వినేవారు. మళ్లీ సంచిక వచ్చేదాకా అందులోని మనుషుల మీదే వాదులాట. టాల్‌స్టాయ్ తరవాత పత్రికను వదిలి సంపుటాలుగా వేయడం మొదలుపెట్టాడు. ఆరో సంపుటం 1869లో వచ్చింది. అప్పుడు కూడా పాఠకులకు పుస్తకం మొత్తం ఒకేసారి చేతికి అందలేదు.

'అన్నా కరెనీనా' అయితే ఇంకా అన్యాయం. 1875 జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ఆగింది. మళ్లీ వచ్చింది 1876 జనవరిలో. తొమ్మిది నెలలు పాఠకులు గుటకలు మింగుతూ కూర్చున్నారు. తీరా 1877లో చివరిదైన ఎనిమిదో భాగం దగ్గరికి వచ్చేసరికి, సెర్బియా యుద్ధానికి వెళ్లే వాలంటీర్లను టాల్‌స్టాయ్ ఎద్దేవా చేయడం నచ్చక కత్కోవ్ దాన్ని వేయనన్నాడు. కథ ఏమవుతుందో నాలుగు ముక్కల్లో చెప్పి పత్రిక చేతులు దులుపుకుంది. ఆ భాగాన్ని రచయిత విడిగా అచ్చేయించుకోవలసి వచ్చింది.

అంటే మొదటి పాఠకులకు షెడ్యూలు వేసిపెట్టింది టపాశాఖ, సంపాదకుడి మొండితనం, రచయిత బద్ధకం. ఇవాళ్టి పాఠకుడికి ఆ ముగ్గురూ లేరు. ఆ పని స్నేహితులు చెయ్యాలి.

'యుద్ధము-శాంతి' ఆ పనికి ఎంత అనువుగా ఉందంటే, ఎవరో కొలిచి కోసినట్టుంటుంది. రష్యన్ ప్రతిలో నాలుగు సంపుటాలు, వాటిలో పదిహేను భాగాలు, చివర రెండు భాగాల ఉపసంహారం. అన్నీ కలిపితే 361 అధ్యాయాలు. ఏడాదికి నాలుగు రోజులు తక్కువ. పన్నెండు వందల పేజీల ప్రతిలో సగటున అధ్యాయానికి మూడున్నర పేజీలు కూడా రావు. పొద్దున కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. రోజుకో అధ్యాయం చొప్పున జనవరి 1న మొదలుపెడితే ఆ రోజు పీటర్స్‌బర్గ్‌లో అన్నా పావ్లోవ్నా షేరర్ ఇంట్లో విందు, కథలో 1805 జులై. జనవరి 7న మాస్కోలో రొస్తోవ్‌ల ఇంట నతాషా నామదిన పండుగ. మార్చి 3న ఆస్టర్‌లిట్జ్ రణరంగంలో అంద్రేయ్ బొల్కోన్‌స్కీ వెల్లకిలా పడి ఆకాశాన్ని చూస్తాడు. జూన్ 12న మాస్కో మీద తోకచుక్క. డిసెంబరు 27న ఆఖరి అధ్యాయం. ప్రపంచంలో చాలాచోట్ల స్నేహితుల గుంపులు ఈ లెక్కనే పట్టుకుని ఏటా చదువుతున్నాయి.

ఈ వేగమే పట్టాలని లేదు. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నవలా రచయిత్రి యియున్ లీ, బ్రూక్లిన్ నుంచి వెలువడే 'ఎ పబ్లిక్ స్పేస్' అనే సాహిత్య పత్రికతో కలిసి, 2020 మార్చి 18న అందర్నీ తనతో పాటు ఈ నవల చదవమని పిలిచింది. కోవిడ్ వల్ల ఊళ్లకు ఊళ్లు తలుపులు బిగించుకుంటున్న రోజులు. భారతదేశంలో లాక్‌డౌన్ మొదలవడానికి సరిగ్గా వారం ముందు. రోజుకు పన్నెండు నుంచి పదిహేను పేజీలు, అంటే ఓ అరగంట. మొత్తం 85 రోజులు. ఆమె రోజూ ఆనాటి పేజీల మీద రెండు మూడు ముక్కలు రాసేది, దేశదేశాల పాఠకులు తమ ముక్కలు కలిపేవారు. ఆ మాటలన్నీ 2021లో 'టాల్‌స్టాయ్ టుగెదర్' అన్న పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకంలో పాండిత్యం కంటే పక్కింటి కబుర్లు ఎక్కువ. ఫలానా పాత్ర పై పెదవి మీద నూగు గురించి ఒకరు, చెయ్యి ఊపిన తీరు గురించి మరొకరు. ఒంటరిగా చదివే మనిషి కథ కోసం పరిగెత్తుతూ తొక్కుకుపోయే సంగతులవి.

రెండో కొస కూడా ఉంది. 2015 డిసెంబరు 8 నుంచి 11 వరకు రష్యాలో టాల్‌స్టాయ్ వంశస్థురాలు ఫ్యోక్లా తోల్‌స్తయా ఆధ్వర్యంలో నవల మొత్తాన్ని టీవీలో ప్రత్యక్షంగా పైకి చదివారు. 60 గంటలు, 1,300 మందికి పైగా పాఠకులు. ఒక్కొక్కరి వంతుకు సగటున మూడు నిమిషాలు కూడా రాలేదు. సెర్గేయ్ వోల్కోవ్ అనే వ్యోమగామి తన వంతు అంతరిక్ష కేంద్రం నుంచి చదివాడు. అది ఉత్సవం, ఊరేగింపు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఊరేగింపులో దేవుడు వీధి దాటి వెళ్లిపోతాడు. ఏడాది చదువులో ఇంట్లో ఉంటాడు.

ఇంతకూ ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తా? భాగవత సప్తాహం సంగతేమిటి? పన్నెండు స్కంధాలు, 18,000 శ్లోకాలు అని లెక్క చెప్పే గ్రంథాన్ని ఏడు రోజుల్లో పూర్తి చేయాలి. ఏ రోజు ఎక్కడ ఆపాలో సంప్రదాయం ముందే గీత గీసి పెట్టింది. పరీక్షిత్తుకు మిగిలింది ఏడు రోజులే కాబట్టి గడువు కూడా కథలోంచే వచ్చింది. రామాయణానికి నవాహం ఉంది. భారతం అయితే నెలల తరబడి రచ్చబండ దగ్గరో గుడి మండపంలోనో రాత్రి భోజనాలయ్యాక పురాణ కాలక్షేపంగా నడిచేది. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్నారు కానీ చదివితే భారతం చదవాలి అనలేదు. వినడానికి చెప్పేవాడొకడు కావాలి, పక్కన కూర్చునేవాడొకడు కావాలి. మధ్యలో కునుకు తీసినవాడికి తెల్లారి బావి దగ్గర మిగతా కథ చెప్పేవాడూ కావాలి. నవల అచ్చులో, విడి పుస్తకంగా వచ్చాక చదువు మౌనంగా, గది తలుపు వెనక్కి చేరింది. పొట్టి నవలకు అది బాగానే ఉంది.

అయితే పురాణానికీ ఈ నవలకూ ఒక తేడా ఉంది. సప్తాహానికి వచ్చినవాళ్లకు కథ ముందే తెలుసు. 'యుద్ధము-శాంతి' మొదటిసారి చదివేవాళ్లకు తెలియదు. అందుకే ఇలాంటి బృందాల్లో మొట్టమొదటి కట్టుబాటు ముందుకు పోకూడదని. వెనకబడినవాణ్ణి క్షమిస్తారు కానీ ముందు చదివేసి నోరు జారినవాణ్ణి క్షమించరు.

ఆచరణలోకి దిగితే మొదటి వారంలోనే ఒక తగాదా వస్తుంది. నలుగురు స్నేహితుల చేతుల్లో నాలుగు రకాల ప్రతులుంటాయి. టాల్‌స్టాయ్‌ని స్వయంగా ఎరిగిన లూయీజ్, ఐల్మర్ మాడ్ దంపతుల ఆంగ్లానువాదం ఇప్పటికీ ఎక్కువగా దొరుకుతుంది. అందులో నాలుగు సంపుటాలకు బదులు పదిహేను పుస్తకాలు, రెండు ఉపసంహారాలు. మొత్తం అధ్యాయాలు 365. ఏడాదికి సరిగ్గా సరిపోయాయి కదా అని మురిసిపోతే, తేడా బయటపడేది జనవరి మొదటి వారంలోనే. మొదటి భాగానికి రష్యన్ ప్రతిలో 25 అధ్యాయాలుంటే మాడ్ ప్రతిలో 28. జనవరి 7న ఒక స్నేహితుడు రొస్తోవ్‌ల ఇంట పండుగలో ఉంటే రెండోవాడు ఇంకా పీటర్స్‌బర్గ్‌లో అంద్రేయ్ ఇంట్లోనే, భార్యాభర్తల చిటపటల మధ్య ఇరుక్కుని ఉంటాడు. రెండో సంపుటం రెండో భాగంలో మరో అధ్యాయం తేడా. అంతా కలిపి నాలుగు. కాబట్టి తెలిసినవాళ్లు అధ్యాయం అంకె చెప్పుకోరు. ఫలానా మనిషి ఫలానా గదిలోకి వచ్చేదాకా అని చెప్పుకుంటారు.

రెండో తగాదా పేర్లది. ఈ నవలలో ఐదు వందలకు పైగా మనుషులున్నారు. ఒక్కొక్కరికి సొంత పేరు, తండ్రి పేరు మీంచి వచ్చిన పేరు, ఇంటిపేరు, మళ్లీ ముద్దుపేర్లు. నతాల్యా ఇల్యీనిచ్నా రొస్తోవా, నతాషా ఒకరే. ప్యోత్ర్ కిరీలవిచ్ అని నౌకర్లు పిలిచేదీ, పియేర్ అని స్నేహితులు పిలిచేదీ ఒక్క బెజూఖోవ్‌నే. ఇంగ్లిషు పాఠకులు ఇక్కడ నెత్తి పట్టుకుంటారు. తెలుగువాళ్లు నిజానికి అంత కంగారు పడనక్కర్లేదు. కాగితాల్లో వెంకట సత్యనారాయణ మూర్తి, ఆఫీసులో మూర్తిగారు, అత్తగారింట్లో అల్లుడుగారు, అమ్మకి సత్తిబాబు. ఇంతమందినీ ఒక మనిషిగా పోల్చుకోవడం అలవాటైన జాతే. అయినా బృందంలో ఒకరు చిన్న పట్టిక రాసి పెట్టుకుంటే మేలు. నాలుగు కుటుంబాలు ముందు: బెజూఖోవ్, బొల్కోన్‌స్కీ, రొస్తోవ్, కురాగిన్. మిగతావాళ్లు నెమ్మదిగా వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు.

మూడోది భాష. రష్యన్ నవల అంటారు, తెరవగానే మొదటి వాక్యం ఫ్రెంచిలో ఉంటుంది. ఆనాటి రష్యన్ దొరలు ఇంట్లో మాట్లాడుకున్న భాష అది. నెపోలియన్ మీద యుద్ధానికి సిద్ధమవుతూ నెపోలియన్ భాషలోనే అతన్ని తిట్టడం టాల్‌స్టాయ్ కావాలని పెట్టిన తమాషా. 1873 ప్రచురణలో ఆయనే ఆ ఫ్రెంచినంతా రష్యన్ చేసేశాడు, చరిత్ర చర్చలు కొన్నిటిని తీసి వెనక అనుబంధంలో పెట్టాడు. తరవాతి ప్రచురణల్లో ఫ్రెంచి మళ్లీ వచ్చింది. రచయితే రెండు మనసులతో ఉన్నచోట అనువాదకుడి గతి చెప్పేదేముంది? ఒకరి చేతిలో తెలుగు, ఒకరి చేతిలో ఇంగ్లిషు, ఇంకొకరి చేతిలో హిందీ ఉన్న బృందానికి ఇక్కడ అదృష్టం పండుతుంది. ఒకే పేరాను ముగ్గురు పైకి చదివితే, ఒక మాట దగ్గర ముగ్గురూ మూడు దోవలు పట్టడం చెవికే తెలుస్తుంది. ఎవరి కోసం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ పనివాళ్లు ఎక్కడ చెమటోడ్చారో అప్పుడు తెలుస్తుంది. ఇంగ్లిషులోకి 1904లో తెచ్చిన కాన్‌స్టన్స్ గార్నెట్ ఈ నవల పని చేస్తూ కంటిచూపు పాడుచేసుకుంది.

ఇక అసలు సంగతి. ఏడాది పొడుగునా చదివితే నవల మారుతుంది. గొప్పగా చెప్పడానికి అన్నమాట కాదిది. ఒక్క ఘట్టంతో చూపించవచ్చు.

అంద్రేయ్, నతాషాల పెళ్లి మాట రెండో సంపుటం మూడో భాగంలో కుదురుతుంది. అంద్రేయ్ తండ్రి, ఆ మొండి ముసలి ప్రిన్సు, ఏడాది ఆగమంటాడు. అంద్రేయ్ దేశం విడిచి వెళతాడు. తరవాత నతాషా అనతోల్ కురాగిన్ అనే అందగాడి మాయలో పడి లేచిపోవడానికి సిద్ధమవుతుంది. రెండు రాత్రుల్లో నవల మింగే పాఠకుడికి ఈ రెండు ఘటనల మధ్య దూరం గంట, గంటన్నర. సాయంత్రం ఒప్పుకున్న పిల్ల రాత్రికి మాట తప్పినట్టు కనిపిస్తుంది. 'ఏమిటీ పిల్ల!' అని విసుక్కుంటాడు. రోజుకో అధ్యాయం చదివేవాళ్లకు పెళ్లి మాట మే 5న వస్తుంది. మే 9 నుంచి 21 దాకా నాలుగో భాగం: తోడేళ్ల వేట, బాబాయి ఇంట్లో నతాషా పల్లె నాట్యం, క్రిస్మస్ రోజుల్లో మంచులో వేషాలు. ఆ పదమూడు రోజుల్లో అంద్రేయ్ కనబడడు. ఎంత హాయిగా ఉంటాయంటే పాఠకులు కూడా అతన్ని కాస్త మరిచిపోతారు. మే 30న ఒపేరాలో అనతోల్ ఎదురుపడతాడు. జూన్ 6న బండి సిద్ధమవుతుంది. నెల గడిచింది. నతాషా ఎలా మరిచిపోయిందో చదివేవాళ్లకు అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. వాళ్లూ మరిచిపోయే ఉన్నారు.

బృందాలు చీలిపోయేది కూడా ఇక్కడే. ఒకరు నతాషాను క్షమిస్తారు, ఒకరు క్షమించరు, ఒకరు తప్పంతా ముసలి ప్రిన్సుదంటారు. పెళ్లి ఏడాది వాయిదా వేయించిన పెద్దలు ఏ కుటుంబంలో లేరు? ఆ వారం టాల్‌స్టాయ్ గురించి తక్కువా, ఎవరింటి సంగతులు వాళ్లు ఎక్కువా మాట్లాడుకుంటారు. వెనక్కి లాగక్కర్లేదు. జూన్ 12న పియేర్ తలెత్తి తోకచుక్కను చూసేసరికి అందరూ వాళ్లంతట వాళ్లే పుస్తకంలోకి తిరిగివస్తారు.

యుద్ధ ఘట్టాల్లో లెక్క తిరగబడుతుంది. బొరోదినో పోరు చరిత్రలో ఒక్క రోజు, పాత రష్యన్ క్యాలెండరులో 1812 ఆగస్టు 26. మూడో సంపుటం రెండో భాగంలో ఆ పోరు మీద చర్చ మొదలైన పందొమ్మిదో అధ్యాయం నుంచి భాగం ముగిసేదాకా 21 అధ్యాయాలు. రోజుకొకటి చదివేవాళ్లు జులై 24 నుంచి ఆగస్టు 13 దాకా మూడు వారాలు ఆ పొగలోనే ఉంటారు. తెల్ల టోపీ పెట్టుకుని యుద్ధం చూడ్డానికి వచ్చిన పియేర్‌కి ఎటు పోవాలో తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు. 'ఇంకా అయిపోలేదా' అన్న విసుగు ఆగస్టు మొదటి వారంలో తప్పకుండా వస్తుంది. సైనికులకూ అదే అనిపించిందని టాల్‌స్టాయ్ ఆ భాగం చివర రాశాడు.

విసుగు గురించి దాచకుండా మాట్లాడాలి. ఈ నవలలో బస్సు టికెట్లు పెట్టి ఆపేసే చోట్లు తెలిసినవే. పియేర్ ఫ్రీమేసన్లలో చేరే అధ్యాయాలు ఒకటి. మూడో సంపుటం నుంచి కథను ఆపి చరిత్రకు కారణాలేమిటని ఉపన్యసించే అధ్యాయాలు రెండోది. 1880లో రష్యన్ రచయిత తుర్గేనెవ్‌కు రాసిన ఉత్తరంలో ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ మొదటి రెండు సంపుటాలను ఆకాశానికెత్తి, మూడోది ఘోరంగా దిగజారిందనీ, రచయిత చెప్పిందే చెబుతూ తత్వం వల్లిస్తున్నాడనీ వాపోయాడు. ఫ్లోబేర్ అంతటివాడే గొణిగాడు కాబట్టి మామూలు పాఠకుడు సిగ్గుపడనక్కర్లేదు. బృందం పనికొచ్చేది ఇలాంటి చోటే. ఇరవై అధ్యాయాలు ఒకేసారి కొండలా కనిపిస్తే ఆగిపోతాడు. ఇవాళ్టికి నాలుగు పేజీలే అంటే, రేపు పొద్దున స్నేహితుడు అడుగుతాడంటే, చదివేస్తాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పడానికైనా చదువుతాడు.

వెనకబడినవాళ్ల సంగతి. పరీక్షలు, పెళ్లిళ్లు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు ఉంటాయి. పది రోజులు తప్పినవాడు ఆ పది అధ్యాయాలూ ఒక్క ఆదివారం కూర్చుని అప్పు తీర్చాలనుకుంటే సాధారణంగా అక్కడే మునుగుతాడు. అనుభవం ఉన్న బృందాలు ఒక సూత్రం పెట్టుకుంటాయి: తప్పిన కథ స్నేహితుడి నోట విని, ఇవాళ్టి అధ్యాయం ఇవాళే చదవాలి. కునుకు తీసినవాడికి బావి దగ్గర కథ చెప్పినట్టే ఇదీ. చెప్పేవాడికి లాభం ఎక్కువ. చెప్పబోతేనే తనకేం గుర్తుందో, ఏం లేదో తెలుస్తుంది.

కొన్ని రోజులు మాట్లాడుకోకుండా ఉండేవీ వస్తాయి. నాలుగో సంపుటం మొదటి భాగం చివర అంద్రేయ్ చనిపోతాడు. అది 275వ అధ్యాయం, అక్టోబరు 2. ఇక్కడ గాంధీ జయంతి, సెలవు. 1909-10లో గాంధీతో ఉత్తరాలు నడిపిన మనిషి రాసిన చావు ఆ రోజున చదవడం యాదృచ్ఛికమే. జనవరి మొదటి వారంలో పరిచయమైన మనిషి తొమ్మిది నెలల తరవాత పోవడం మాత్రం పాఠకుడి ఒంటికి తగులుతుంది. నవంబరు 1న రొస్తోవ్‌ల చిన్నవాడు పేత్యా. నెల తిరక్కుండానే రెండో చావు.

కష్టకాలంలో జనం ఈ పుస్తకం దగ్గరికి ఎందుకు వెళతారో రష్యన్ రచయిత్రి లిదియా గింజ్‌బుర్గ్ రాసింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టినప్పుడు ఆమె ఆ నగరంలోనే ఉంది. ఆకలితో, చలితో చస్తున్న ఊళ్లో జనం 'యుద్ధము-శాంతి'ని ఆత్రంగా చదివారని ఆమె దిగ్బంధం జ్ఞాపకాలు మొదలుపెడుతూనే చెబుతుంది. టాల్‌స్టాయ్ సరిగ్గా రాశాడా లేదా అన్న సందేహం వాళ్లకు లేదు. తాము సరిగ్గా ఉన్నామా లేదా అన్నదే వాళ్లు ఆ పుస్తకంలో సరిచూసుకున్నారట. ఆ చదువుకు షెడ్యూలు లేదు, రొట్టె రేషన్ ఒక్కటే ఉంది. 2020లో తలుపులు వేసుకున్న ఇళ్లలో అరగంట చొప్పున చదివినవాళ్లను వాళ్లతో పోల్చకూడదు. కానీ రెండుచోట్లా చేయి వెళ్లింది ఒకే పుస్తకం మీదికి.

ఇక డిసెంబరు. నిజానికి టాల్‌స్టాయ్ మొదట రాయాలనుకున్నది ఈ కథ కాదు. 1825 డిసెంబరు 14న పీటర్స్‌బర్గ్ సెనేట్ మైదానంలో జారు మీద తిరగబడి, సైబీరియాలో ముప్ఫై ఏళ్లు మగ్గి, 1856లో తిరిగి వస్తున్న ఒక డిసెంబ్రిస్టు కథ. అతన్ని అర్థం చేసుకోవాలంటే 1825కు వెళ్లాలి. దానికి 1812 కావాలి. 1812 గెలుపు చెప్పాలంటే అంతకు ముందటి ఓటమి, 1805 కావాలి. అలా వెనక్కి వెనక్కి జరిగినవాడు 1805లో మొదలుపెట్టి, 1820 దగ్గర ఆపేశాడు. తిరుగుబాటు నవలలో జరగనే జరగదు. ఉపసంహారం మొదటి భాగంలో 1820 డిసెంబరు 5, సెయింట్ నికొలస్ పండుగ ముందు రోజున నికొలాయ్ రొస్తోవ్ ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది. పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన పియేర్ గదిలో కూర్చుని ప్రభుత్వం కుళ్లిపోయిందనీ, నిజాయితీపరులు ఒక సంఘంగా చేతులు కలపాలనీ అంటాడు. తన స్క్వాడ్రన్‌తో నిన్ను నరకమని పైవాళ్లు ఆజ్ఞాపిస్తే మరో ఆలోచన లేకుండా నరుకుతానని బావమరిది నికొలాయ్ జవాబిస్తాడు. ఒక మూల చనిపోయిన అంద్రేయ్ కొడుకు, పదిహేనేళ్ల నికోలెంకా, తెలియకుండానే బల్ల మీది కలాలు విరిచేస్తూ వింటుంటాడు. రెండు అధ్యాయాల తరవాత ఆ పిల్లవాడికి కల వస్తుంది: పియేర్ మామయ్యా తనూ శిరస్త్రాణాలు పెట్టుకుని పెద్ద సైన్యం ముందు నడుస్తున్నట్టు. ఉలిక్కిపడి లేచి, నాన్న మెచ్చుకునే పని ఏదో చేస్తానని అనుకుంటాడు. కథ అక్కడితో సరి. తరవాతి పన్నెండు అధ్యాయాల్లో మనుషులే ఉండరు, చరిత్ర చర్చ ఒక్కటే.

ఈ లెక్కలన్నీ మామూలు సంవత్సరానివి. ఫిబ్రవరికి 29 రోజులున్న ఏడాదిలో మార్చి నుంచి ప్రతి అధ్యాయం ఒక రోజు ముందుకు జరుగుతుంది. 1812లో నెపోలియన్ సేనలు పాత క్యాలెండరు ప్రకారం జూన్ 12న రష్యా సరిహద్దు దాటాయని చెప్పే అధ్యాయం వరసలో 164వది. లీపు సంవత్సరంలో దాని వంతు సరిగ్గా జూన్ 12. నికోలెంకా కల 349వది. దాని వంతు డిసెంబరు 14, తిరుగుబాటు జరిగిన తేదీ. టాల్‌స్టాయ్‌కి ఇందులో ప్రమేయం లేదు, అంకెలు అలా కుదిరాయంతే. రాబోయే లీపు సంవత్సరం 2028. ఆ ఏడు జనవరి 1 శనివారం. అటక మీది పుస్తకం దింపి దుమ్ము దులపడానికీ, ఎవరి దగ్గర ఏ ప్రతి ఉందో ఆరా తీయడానికీ, ఇద్దరు ముగ్గుర్ని ఒప్పించడానికీ వ్యవధి ఉంది. మొదటి సాయంత్రానికి నాలుగైదు పేజీలు చాలు. పీటర్స్‌బర్గ్‌లో ఒక పెద్దావిడ దగ్గుతూ అతిథుల్ని పలకరిస్తుంటుంది.